గడ్డ పగిలితే అయిపోలేదు: గుర్రాల్లో స్ట్రాంగిల్స్, గొంతు సంచుల్లో చీము

దవడ కింద గడ్డ పగులుతుంది, చీమంతా కారిపోతుంది, నాలుగు రోజుల్లో గుర్రం ఉలవలు తినడం మొదలుపెడుతుంది. ముహూర్తాల రోజులైతే ఆ వారంలోనే దానికి జీను బిగించి, పూలు కట్టి, ఏ పుత్తూరుకో పలమనేరుకో వ్యాన్ ఎక్కించేస్తారు. గొంతు చుట్టూ గడ్డలు లేపే స్ట్రాంగిల్స్ అనే ఈ అంటుజబ్బు ఒక లాయం నుంచి ఇంకో లాయానికి పాకేది ఎక్కువగా ఇలాంటి గుర్రంతోనే. జ్వరంతో తల వేలాడేసిన గుర్రాన్ని ఎవరూ పెళ్ళికి తోలరు కదా, తోలేది బాగైపోయిందనుకున్నదాన్నే.

గడ్డ సంగతి గుర్రం ఒళ్ళు చాలావరకు తనే చూసుకుంటుంది. మనం చూసుకోవాల్సినవి రెండు: మొదటి రోజు జ్వరం, చివర్లో గొంతు సంచులు. లాయం నడిపేవాళ్ళు, సాయీసులు, గుర్రాలను అరుదుగా చూసే పశువైద్యులు వాడుకునేలా ఇది రాశాం. మందుల మోతాదులు డాక్టరు చేతి కింద వాడటానికే. సాయీసు సొంతంగా సూది పట్టుకోవడానికి కాదు.

జబ్బు ఎక్కడ కూర్చుంటుంది

కారణం స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా. జబ్బు గుర్రం ముక్కు తగిలినా, అది మూతి పెట్టిన తొట్టిలో నీళ్ళు తాగినా, దాని చీమిడి అంటిన చేత్తో ఇంకో గుర్రానికి కళ్ళెం వేసినా చాలు. లోపలికి వెళ్ళాక కొద్ది గంటల్లోనే గొంతు చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులకు చేరుతుంది. 3 నుంచి 14 రోజుల్లో జ్వరం, ఆ తర్వాత బిళ్ళలు కడతాయి. దవడ కింద బిళ్ళలు చేతికి తగులుతాయి. గొంతు వెనకవి తగలవు, చిక్కంతా వాటితోనే. గాడిదలకు, కంచర గాడిదలకు కూడా ఇది వస్తుంది. వాటిలో గడ్డ పెద్దగా కనిపించకుండా చిక్కిపోవడం, దగ్గు మాత్రమే ఉండొచ్చు కాబట్టి ఇటుక బట్టీ గాడిదల పక్కన గుర్రాన్ని కట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

చెవి లోపలి నుంచి గొంతులోకి వచ్చే సన్నని గొట్టం మనకూ ఉంది. గుర్రంలో ఆ గొట్టం పక్కకు ఉబ్బి, తలకు అటొకటి ఇటొకటి సంచుల్లా తయారైంది. ఈ గొంతు సంచులనే గటరల్ పౌచ్‌లు అంటారు. ఒక్కోటి 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. లోపలి పొర చాలా పల్చన. ఆ పొరను ఆనుకునే మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని, మింగడాన్ని నడిపే నరాలు పోతాయి. సంచి అడుగు భాగానికి సరిగ్గా కిందే గొంతు వెనక గ్రంథులు ఉంటాయి. ఆ గ్రంథి చీము పట్టి బయటికి పగలకుండా పైకి పగిలితే చీమంతా నేరుగా సంచిలో పడుతుంది. సంచి నోరు ఒక చీలికలా ముందువైపు ఉండటంతో గుర్రం తల వంచి మేస్తేనే లోపలిది కారుతుంది, తల ఎత్తి నిలబడితే అక్కడే నిలవ ఉంటుంది.

నిలవ ఉన్న చీములో నీరు ఇంకిపోయి గట్టి ఉండలు కడుతుంది. వీటిని కాండ్రాయిడ్లు అంటారు. చుట్టూ చీము లేకపోయినా ఉండ లోపల బ్యాక్టీరియా నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి బతుకుతుంది. జబ్బు పడ్డ గుర్రాల్లో దాదాపు పదింట ఒకటి దాకా ఇలా జబ్బును లోపల మోసేదిగా మిగిలిపోవచ్చు. దానికి జ్వరం ఉండదు, దగ్గు ఉండదు, నిగనిగలాడుతూ ఉంటుంది.

ముట్టుకునే ముందు గ్లాండర్స్ సంగతి

ముక్కు నుంచి చీము కారుతూ గ్రంథులు వాచిన గుర్రం కనబడితే మన దేశంలో ముందు తేల్చుకోవాల్సింది గ్లాండర్స్. దానికి కారణం వేరే బ్యాక్టీరియా, అది మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. ముక్కు లోపల పుళ్ళు, మానిన చోట నక్షత్రం లాంటి మచ్చలు, కాళ్ళ మీద పొట్ట మీద గొలుసుకట్టుగా గడ్డలు, గట్టిగా అంటుకుపోయి పండని గ్రంథులు ఉంటే అనుమానం బలపడుతుంది. ఇవేవీ లేకపోయినా గ్లాండర్స్ కాదని కంటిచూపుతో తేల్చలేం. రక్తపరీక్ష కావాల్సిందే.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద గ్లాండర్స్‌ను తప్పకుండా తెలియజేయాలి. దగ్గరి పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయండి. రక్తం నమూనాను పశుసంవర్ధక శాఖ ద్వారానే పంపుతారు. గ్లాండర్స్ నిర్ధారణకు దేశంలో పెద్ద దిక్కు హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. ఫలితం వచ్చేదాకా చేతికి గ్లవ్స్, ముక్కుకు ఎన్95 మాస్కు లేకుండా ఆ గుర్రం దగ్గరికి పోవద్దు. పిల్లల్ని ఆ పక్కకే రానివ్వద్దు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. గేదెలకు వచ్చే గొంతువాపు వేరు, ఇది వేరు. ఆ టీకా గుర్రానికి వేయించినా స్ట్రాంగిల్స్ ఆగదు.

థర్మామీటరే కాపలా

గుర్రానికి మామూలు వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్. స్ట్రాంగిల్స్‌లో 103 దాటి పోతుంది. లాయానికి ఉపయోగపడే సంగతి ఒకటుంది: జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల తర్వాతే ముక్కు నుంచి బ్యాక్టీరియా బయటికి రావడం మొదలవుతుంది. అంటే జ్వరం పట్టుకున్న రోజే గుర్రాన్ని వేరు చేస్తే మిగతావాటికి అంటకుండా ఆపే వీలుంది. ముక్కు కారేదాకా ఆగితే ఆ అవకాశం పోయినట్టే.

కాబట్టి ఒక్క గుర్రానికి అనుమానం వచ్చినా లాయంలోని ప్రతి గుర్రానికీ పొద్దున, సాయంత్రం వేడి చూసి పలక మీద రాయండి. డిజిటల్ థర్మామీటరు చాలు. కొనకు వాసెలిన్ రాసి, వెనక కాలికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, తోకను పక్కకు లాగి పెట్టండి. కొన పేగు గోడకు ఆనాలి. లద్దెలోకి గుచ్చుకుంటే ఒక డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది, జ్వరం ఉన్నా లేదనిపిస్తుంది. థర్మామీటరుకు దారం కట్టి, దారం చివర బట్టల క్లిప్పు తగిలించి తోక వెంట్రుకలకు పెడితే జారి పడదు. తిరుపతి ఎండల్లో మే నెల మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన గుర్రం వేడి ఎటూ ఎక్కువే ఉంటుంది, ఆ అంకెను నమ్మొద్దు. తెల్లవారుజామున, మళ్ళీ సాయంత్రం చల్లబడ్డాక, పని లేకుండా అరగంట నిలబెట్టి చూడాలి. నొప్పి మందు ఇచ్చిన గుర్రానికి జ్వరం కనిపించదు, కాబట్టి మందు ఇచ్చిన గంట కూడా పలక మీద ఉండాలి.

గుర్రాలను మూడు గుంపులు చేయండి: జబ్బు ఉన్నవి, వాటితో కలిసి తిరిగినవి, అసలు కలవనివి. తాళ్ళకు, బకెట్లకు మూడు రంగుల టేపు చుట్టండి. మనుషులు చాలకపోతే పని ఎప్పుడూ కలవని గుంపుతో మొదలుపెట్టి జబ్బు గుంపుతో ముగించాలి, తిరిగి వెనక్కి రాకూడదు. గుంపుల మధ్య పాతిక మీటర్ల ఎడం ఉంటే మేలు. అంత జాగా లేని ఊరి మధ్య లాయాల్లో కనీసం ముక్కూ ముక్కూ తగలకుండా అడ్డుగోడ, వేరే నీళ్ళ తొట్టి ఉండి తీరాలి.

పెద్ద దొంగ నీళ్ళ తొట్టే. ఎండలో ఆరిన కట్టె మీద, ఇనుము మీద ఈ బ్యాక్టీరియా ఒకటి నుంచి మూడు రోజుల్లో చస్తుంది. నీటిలో, తడిలో వారాల తరబడి బతకగలదు. అందుకే మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానల్లో జాగ్రత్త రెట్టింపు కావాలి. అందరికీ ఒకే సిమెంటు తొట్టి ఉంటే దాన్ని వాడకుండా వదిలేసి గుర్రానికో బకెట్ పెట్టండి. బకెట్లను రోజూ ముందు సబ్బునీళ్ళతో జిడ్డు, చొంగ పోయేలా తోమాలి. మురికి మీద పోసిన బ్లీచింగ్ పని చేయదు. తర్వాత 10 లీటర్ల నీటిలో 170 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పేరుకున్నాక పైతేటతో తడిపి, పది నిమిషాలు ఉంచి కడిగి ఎండలో బోర్లించండి. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్‌కు ఈ లెక్క, అర శాతం ద్రావణం వస్తుంది. మూతి విప్పి నెలలైన సంచిలో పౌడర్‌కు ఘాటు పోయి ఉంటుంది, దానితో కడిగి లాభం లేదు. కలిపిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజే వాడాలి, బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు.

గడ్డను పండనివ్వండి

పచ్చి గడ్డను కోస్తే చీము రాదు, రక్తం వస్తుంది, వాపు ఇంకా గట్టిపడుతుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన మందపాటి గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున కాపడం పెట్టండి. మన ముంజేతి మీద వేసుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. గడ్డ పండినట్టు ఎలా తెలుస్తుంది? ఒకచోట వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, అక్కడ వెంట్రుకలు రాలిపోతాయి, పసుపుపచ్చని తేమ ఊరుతుంది. కొన్ని దానంతట అవే పగులుతాయి. లేకపోతే డాక్టరు గడ్డలోని అన్నిటికంటే కింది చోట కోస్తారు, పై నుంచి కోస్తే అడుగున చీము మిగిలిపోతుంది కాబట్టి.

కోసేటప్పుడు కింద పాత బకెట్‌లో బ్లీచింగ్ నీళ్ళు పోసి పట్టండి. చీము నేల మీద పడకూడదు. లాబ్‌కు పంపడానికి అన్నిటికంటే మంచి నమూనా ఆ చీమే. శుభ్రమైన సిరంజితో పండిన గడ్డలోంచి లాగి, మూత బిగించి, పేరు, తేదీ రాసి, ఐస్ ప్యాకుల మధ్య (గడ్డకట్టనివ్వకుండా) ఒక రోజులోగా చేర్చాలి. పగిలిన గుంతను 3 నుంచి 5 శాతం పోవిడోన్ అయోడిన్‌తో చీము ఆగేదాకా రోజూ కడగాలి. మన దగ్గర పుండు తెరిచి ఉంటే రెండో రోజుకే ఈగలు వాలి పురుగులు పడతాయి, కాబట్టి పుండు చుట్టూ చర్మానికి (లోపల కాదు) వేపనూనె గానీ ఈగల స్ప్రే గానీ పట్టించండి. వాతలు పెట్టడం, జిల్లేడు పాలు పూయడం వల్ల చర్మం కాలి ఇంకో పుండు చేరుతుందే తప్ప గడ్డ ఒక్క పూట ముందు పండదు.

నొప్పికి, జ్వరానికి ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మిల్లీగ్రాములు గానీ మెలాక్సికామ్ కిలోకు 0.6 మిల్లీగ్రాములు గానీ, రెండిట్లో ఒకటే. నీళ్ళు తాగని గుర్రానికి ఈ మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషేధం, మనుషుల మందుల షాపులోంచి తెచ్చి పొడవొద్దు.

పెన్సిలిన్ ఎప్పుడు, ఎంత

ఇక్కడే లాయాల్లో గొడవలు. జ్వరం వచ్చి ఇంకా బిళ్ళ కట్టని మొదటి రోజునే పెన్సిలిన్ మొదలుపెడితే జబ్బు అక్కడే ఆగొచ్చు. కానీ ఆ గుర్రానికి రక్షణశక్తి సరిగ్గా రాదు, పక్కనున్నది తుమ్మితే మళ్ళీ పడుతుంది. గడ్డ కట్టాక ఇస్తే మందు చీము లోపలికి చేరదు, జ్వరం తగ్గి, గడ్డ పండటం వాయిదా పడి, సూది ఆపిన వారంలో మళ్ళీ పొంగుతుంది. కాబట్టి మామూలుగా తింటూ తాగుతూ ఉన్న గుర్రానికి పెన్సిలిన్ వద్దనే మా మాట. జబ్బును దానంతట అది దాటిన గుర్రాల్లో నాలుగింట మూడింటికి అయిదేళ్ళో అంతకంటే ఎక్కువో రక్షణ నిలుస్తుంది, దాన్ని తొందరపడి పోగొట్టుకోకూడదు. ఊపిరి కష్టమైనా, జ్వరం తగ్గకుండా తిండి మానేసినా, మింగలేకపోయినా, లోపలి అవయవాల్లో గడ్డలు అనుమానించినా మాత్రం ఇవ్వాల్సిందే.

ఇస్తే సగం సగం ఇవ్వొద్దు. ప్రొకెయిన్ పెన్సిలిన్ మోతాదు కిలోకు 22,000 యూనిట్లు, 12 గంటలకొకసారి, కండకు. ముందు బరువు కట్టండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవు సెంటీమీటర్లలో కొలిచి, చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 140 ఉన్న గుర్రం సుమారు 300 కిలోలు. దానికి ఒక్క పూటకు 66 లక్షల యూనిట్లు కావాలి. పశువుల మందుల షాపులో ఇచ్చే 40 లక్షల వయల్ ఒకటి రోజుకోసారి పొడిచి ‘పెన్సిలిన్ పని చేయలేదు’ అనడం వింటుంటాం. ఇచ్చింది కావాల్సినదాంట్లో మూడోవంతు కూడా లేదు.

సూది గుచ్చాక సిరంజి దండాన్ని వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోండి. ప్రొకెయిన్ రక్తనాళంలోకి పోతే గుర్రం క్షణాల్లో పిచ్చెత్తినట్టు గంతులు వేసి పడిపోతుంది, చావొచ్చు కూడా. మెడకు ఇప్పటికే నొప్పి ఉంటుంది కాబట్టి మెడలో కాకుండా తొడ వెనక, ఛాతీ కండల్లో మార్చి మార్చి ఇవ్వడం మేలు.

తిండి, నీళ్ళు, గొట్టంతో పోసే మందులు

ఉలవలు నానబెట్టి మెత్తగా ఉడికించి, గోధుమ తవుడు కలిపి జారుగా పెట్టండి. పచ్చిగడ్డి చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. మొదటి వారం మెడ వంచలేదు కాబట్టి బకెట్ దానికి అందే ఎత్తులో పెట్టాలి. వాపు తగ్గాక మాత్రం దాణా నేల మీదే పెట్టాలి, తల వంచి తినే ప్రతిసారీ గొంతు సంచులు ఖాళీ అవుతాయి.

వెదురు గొట్టంతోనో సీసాతోనో పసరు, కషాయం, నూనె నోట్లో పోయడం ఈ జబ్బులో అన్నిటికంటే ప్రమాదం. మింగుడు పడని గుర్రానికి పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, స్ట్రాంగిల్స్‌తో బతకాల్సిన గుర్రం న్యుమోనియాతో పోతుంది. తాగిన నీళ్ళు, నమిలిన దాణా ముక్కులోంచి తిరిగి వస్తుంటే నోటి ద్వారా ఏదీ ఇవ్వకుండా డాక్టరును పిలవండి. మింగలేని గుర్రం నోట్లో ఉత్త చేయి పెట్టొద్దు, కుక్క కరిచిన గుర్రంలో రేబిస్ కూడా ఇలాగే మొదలవుతుంది.

నిలబడి ఉన్నప్పుడే గురక పెడుతూ, ముక్కుపుటాలు విప్పుకుని, మెడ చాచి ఊపిరి కోసం తంటాలు పడుతుంటే అది గంటల వ్యవహారం. గొంతు వెనక గడ్డ దారి మూసేస్తోంది. వెంటనే శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. అలాంటి గుర్రాన్ని వ్యాన్‌లో ఎక్కించి ఘాట్ దారిలో తిప్పడం కంటే డాక్టరును లాయానికి రప్పించడమే నయం.

గొంతు సంచులు: చూడటం, కడగడం

గడ్డ మానాక కూడా ముక్కు కారడం మూడు వారాలు దాటినా, తల వంచినప్పుడు మాత్రమే తెల్లటి చీము జారినా, చెవి కింద దవడ వెనక మెత్తటి ఉబ్బు ఉన్నా, ఊపిరి కంపు కొట్టినా సంచుల్లో చీము ఉందనుకోవాలి. ఒక సంచిలోనే ఉంటే సాధారణంగా ఆ వైపు ముక్కే ఎక్కువ కారుతుంది. ఈ గుర్తులేవీ లేకపోయినా చూడాలి, మోసే గుర్రాలకు గుర్తులు ఉండవని పైనే చెప్పాం.

చూడటానికి మీటరు పైన పొడవున్న ఎండోస్కోప్ (చివర కెమెరా ఉండే సన్నని గొట్టం) కావాలి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాలనుకుంటే ముందే ఫోన్ చేసి ఎండోస్కోప్ ఆ రోజు ఖాళీగా ఉందో కనుక్కోండి, స్ట్రాంగిల్స్ అనుమానమని మొదటి మాటలోనే చెప్పండి. చెప్పకుండా తీసుకెళ్ళి మిగతా గుర్రాల పక్కన కట్టేస్తే అక్కడ ఇంకో లాయం తయారవుతుంది. ఎండోస్కోప్ దొరక్కపోతే నిలబడి ఉండగా పక్క నుంచి తీసిన తల ఎక్స్‌రేలో సంచి లోపల చీము మట్టం అడ్డగీతలా కనిపిస్తుంది, పెద్ద ఉండలు ఉంటే అవీ కనిపిస్తాయి. కొద్దిపాటి చీము మాత్రం ఎక్స్‌రేకు చిక్కదు.

మత్తుకు జైలజీన్ కిలోకు 0.5 మిల్లీగ్రాములు సిరలోకి. 300 కిలోల గుర్రానికి 150 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల సీసా అయితే అది 7.5 మిల్లీలీటర్లు, 100 మిల్లీగ్రాముల సీసా అయితే 1.5 మాత్రమే. లేబుల్ చదవకుండా లాగితే అయిదు రెట్ల తేడా. గురక పెడుతున్న గుర్రానికి మత్తు ఇస్తే గొంతు ఇంకా సడలి దారి మూసుకుపోవచ్చు కాబట్టి గొట్టం పెట్టే సామాను చేతికి అందేచోట ఉండాలి.

స్కోప్‌ను ముక్కు అడుగు దారిలో గొంతు దాకా పంపితే పై పక్కగోడల మీద రెండు చీలికలు కనిపిస్తాయి. నేరుగా తోస్తే స్కోప్ లోపలికి పోదు, చీలికకు మృదులాస్థి మూత అడ్డం ఉంటుంది. స్కోప్ నాళంలోంచి సన్నని తీగనో బయాప్సీ చిమటానో ముందు పంపి మూత కిందికి దూర్చి, స్కోప్‌ను తిప్పితే మూత లేస్తుంది, అప్పుడు తీగ వెంటే లోపలికి జారించాలి. మొదట నమూనా: ఒక్కో సంచిలోకి 50 మిల్లీలీటర్ల సెలైన్ వదిలి తిరిగి లాగి, పీసీఆర్‌కు (బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష), కల్చర్‌కు (బతికున్న బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పంపాలి.

చీము ఉంటే కడగడం. ఒక్కో సంచికి 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసాలు రెండు, వేడినీళ్ళ బకెట్‌లో పెట్టి ఒంటి వేడికి తెచ్చుకోండి. గుర్రం తల మోకాళ్ళ కంటే కిందికి వాలి ఉండాలి. అలా లేకపోతే కడిగిన చీము నీళ్ళు శ్వాసనాళంలోకి దిగుతాయి. సీసాను ఎత్తులో పట్టుకుని బరువుకే దిగనివ్వండి, పిండొద్దు, గాలి కొట్టొద్దు. సంచి గోడ పగిలితే చీము మెడలోకి పాకుతుంది. పోసిన నీళ్ళు ముక్కులోంచి తిరిగి రావడం ఆగితే పోయడం ఆపేయండి, సంచి నోరు మూసుకుపోయినట్టే. చీము మరీ చిక్కగా ఉంటే డాక్టరు 20 శాతం ఎసిటైల్‌సిస్టీన్ వదిలి పల్చబరుస్తారు. తిరిగొచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా రోజూ ఇదే పని. గడ్డ గుంతను కడిగిన పోవిడోన్ అయోడిన్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ సంచిలోకి పోయకూడదు. ఆ పొర వెనకున్న నరాలు దెబ్బతింటే గుర్రం మళ్ళీ మింగలేకపోవచ్చు.

ఉండలు కట్టి ఉంటే ఎంత కడిగినా రావు. స్కోప్ నాళంలోంచి పంపే తీగ బుట్టతో ఒక్కొక్కటీ పట్టి లాగాలి. ఓపిక పని, ఒక్క పూటలో కాకపోవచ్చు. సంచి నిండా పెద్ద ఉండలు ఉంటే ఆపరేషన్.

సంచి ఖాళీ అయ్యాక మిగిలిన బ్యాక్టీరియాను చంపడానికి పెన్సిలిన్‌ను జెల్‌గా చేసి పెడతారు, ఉత్త ద్రావణమైతే తల వంచగానే కారిపోతుంది కాబట్టి. 2 గ్రాముల జెలటిన్‌ను 40 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో వేడి చేసి కరిగించి, 45–50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చాలి. కోటి యూనిట్ల సోడియం బెంజైల్ పెన్సిలిన్‌ను 10 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో కలిపి అందులో పోయాలి. మొత్తం 50 మిల్లీలీటర్లు. సిరంజిల్లోకి ఎక్కించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే జెల్ అవుతుంది. జెలటిన్ ఇంకా మరిగే వేడిలో ఉండగా పెన్సిలిన్ కలిపితే మందు చెడుతుంది. దీన్ని స్కోప్ చూపుతో గొట్టం ద్వారా సంచిలో నింపి, ఈసారి మాత్రం తల 20 నిమిషాలు ఎత్తి పట్టాలి.

ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి పోయేముందు స్కోప్‌ను, ముఖ్యంగా లోపలి సన్నని నాళాన్ని, ఎంజైమ్ సబ్బుతో తోమి, 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెట్టి, శుద్ధమైన నీటితో బాగా కడగాలి. నాళంలో మిగిలిన చుక్క తర్వాతి గుర్రానికి జబ్బునైనా అంటిస్తుంది, తప్పుడు పాజిటివ్‌నైనా ఇస్తుంది.

ముక్కులోంచి రక్తం వస్తే ఇవేవీ చేయొద్దు

ఊరికే నిలబడిన గుర్రానికి ఒక ముక్కులోంచి రక్తం కారితే అది సంచిలో బూజు కావొచ్చు. ఎక్కువగా ఆస్పర్జిల్లస్ అనే బూజు సంచి పైకప్పు మీద, సరిగ్గా ధమని మీద పెరిగి గోడను తినేస్తుంది. మొదట కొద్దిగా రక్తం వచ్చి ఆగిపోతుంది. ఆగింది కదా అని వదిలేస్తే రోజుల్లోనో వారాల్లోనో వచ్చే పెద్ద రక్తస్రావంలో గుర్రం చనిపోతుంది. సంచి కడగకూడదు, బూజు పెచ్చును కదపకూడదు. గుర్రాన్ని కదలకుండా, బెదరకుండా ఉంచి ఆపరేషన్ చేయగల ఆసుపత్రితో ఆ రోజే మాట్లాడాలి. ధమనిని రెండు వైపులా మూసేయడమే నమ్మకమైన చికిత్స. రక్తంతో పాటు కనురెప్ప వాలినా, మెడకు ఒకవైపే చెమట పట్టినా, మింగడం కష్టమైనా నరాలు కూడా దెబ్బతిన్నట్టే.

ఎప్పుడు వదలాలి

లాయంలో చివరి గుర్రానికి ముక్కు ఆరి, గడ్డ మానిన రోజు నుంచి కనీసం మూడు వారాలు లెక్కపెట్టండి. ఆ తర్వాత జబ్బు పడ్డవాటికీ, కలిసి తిరిగినవాటికీ ఎండోస్కోప్‌తో రెండు సంచులూ చూసి, కడిగిన నీటిని పీసీఆర్‌కు పంపాలి. అది కుదరకపోతే వారానికొకటి చొప్పున మూడు గొంతు కడుగులు. మెత్తటి సన్నని రబ్బరు గొట్టాన్ని ముక్కులో కంటి కొన స్థాయి దాకా పెట్టి, 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని సెలైన్ వదిలి, ముక్కు కింద శుభ్రమైన గిన్నెలో పట్టాలి. మోసే గుర్రం బ్యాక్టీరియాను రోజూ వదలదు, ఒక రోజు వదిలితే నాలుగు రోజులు వదలకపోవచ్చు, అందుకే మూడు. ముక్కు అంచున దూదిపుల్ల తిప్పి నెగెటివ్ అనిపించుకోవడం కాగితం మీద పనికొస్తుంది తప్ప లాయానికి పనికిరాదు. పీసీఆర్ పాజిటివ్ వస్తే బ్యాక్టీరియా బతికుందో చచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. సంచి మళ్ళీ చూసి, కల్చర్ చేయించి, అప్పటిదాకా బతికే ఉందనుకుని మసలుకోవాలి.

ఈ మూడు వారాల్లోనే ఇంకొకటి కాచుకుని ఉంటుంది. జబ్బు వచ్చిన రెండు నుంచి నాలుగు వారాలకు కాళ్ళు స్తంభాల్లా వాచి, వాపు అంచు గీత గీసినట్టు ఉండి, చిగుళ్ళ మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది పర్‌ప్యూరా. ఒంటి రక్షణశక్తి తన రక్తనాళాల మీదే తిరగబడటం వల్ల వస్తుంది. నడిపిస్తే వాపు దిగుతుందని తోలుకుపోవద్దు, అదే రోజు డాక్టరు చూడాలి. చికిత్సలో స్టెరాయిడ్లు వాడాల్సి వస్తుంది, ఎంత, ఎన్నాళ్ళు అనేది ఆయన నిర్ణయమే.

బెంగళూరు, చెన్నై వైపుల నుంచి కొన్న గుర్రం, సీజనుకు అద్దెకు తెచ్చిన గుర్రం ఏదైనా 21 రోజులు విడిగా కట్టి, రోజూ రెండుసార్లు వేడి చూడండి. ధర ఎక్కువ పెట్టిన గుర్రమైతే ఆ గడువులోనే సంచులు చూపించి కడుగు పరీక్ష చేయించండి. ఎండోస్కోప్ ఖర్చు ఎక్కువనిపిస్తే, లాయం మొత్తం రెండు నెలలు మూతపడితే పోయే ముహూర్తాల అడ్వాన్సులతో పోల్చి చూసుకోండి. పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా ఆ గుర్రానికి వేరే బకెట్, వేరే కళ్ళెం, వేరే ఒళ్ళు తోమే బ్రష్షు, అది తొక్కిన గడ్డి కూడా మిగతా గుర్రాల ముందు వేయొద్దు.